విల్హో చెప్పని చోటు

విల్హో ఓజలా ఇంటికి వెళ్ళిన మనిషి వట్టి చేతులతో బయటికి రావడం ఆ గనుల వీధిలో ఎవరూ చూసి ఎరగరు. ఉత్తరాలు పంచే అతనైనా, చర్చి చందాకి వచ్చినవాళ్ళయినా, దారి తప్పి ఇంటిముందు కారు ఆపిన ఒహాయో వాళ్ళయినా సరే, కాఫీ తాగి లేచేసరికి జేబులో ఒక రాయి పడాల్సిందే. రాగి తీగ మెలికలు తిరిగిన తెల్లరాయో, ద్రాక్షపండు రంగు పచ్చరాయో, ఏమీ లేకపోతే చేప పొలుసంత రాగి రేకో. రాయితోపాటు ఒక చీటీ. ఏ గని, ఏ గుట్ట, గుట్టకి ఏ పక్క, వాన తర్వాతా ముందా, అన్నీ అందులో ఉండేవి. ఎక్కడిదో తెలియని రాయిని ఆయన రాయిగా లెక్కవేసేవాడు కాదు. రాళ్ళ క్లబ్బులో కూడా ఆయనే పట్టుబట్టి, చోటు రాయని రాయిని బల్ల మీద పెట్టకూడదని నియమం పెట్టించాడు. దానిమీద ఒక శీతాకాలమంతా పోట్లాట జరిగింది. చివరికి ఆయన మాటే నెగ్గింది.

ఆయన భార్య ఎల్మాకి మొదట్లో ఈ రాళ్ళ గోల నచ్చింది. పెళ్ళికి ముందు ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళ హాల్లో డాన్సుకి వచ్చినప్పుడు ఆయన చంకలో టిఫిన్ డబ్బా ఉంది. గనిలోంచి తిన్నగా వచ్చాడు. డబ్బా మూత తీసి, మిగిలిన రొట్టెముక్క పక్కనుంచి ఒక రాగిముక్క తీసి ఇచ్చాడు. వేరేవాళ్ళు పువ్వులు తెస్తారు, నువ్వు ఎంగిలి డబ్బాలోంచి తీశావు అని ఆమె తర్వాత ఎన్నిసార్లు అన్నదో. అప్పట్లో గని దిగే వాళ్ళందరి డబ్బాల్లోనూ పొద్దున తిండి, సాయంత్రం రాళ్ళు ఉండేవి. కంపెనీ వాళ్ళకి తెలిసినా చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు.

తర్వాత సమ్మె వచ్చింది. సమ్మె తర్వాత గనులే మూతపడ్డాయి. గని బావుల్లో నీళ్ళు నిండిపోయాయి. బయట పోసిన పనికిరాని రాళ్ళ గుట్టలు మాత్రం మిగిలాయి. విల్హో కౌంటీ వాళ్ళ దగ్గర మంచు తోసే బండి మీద చేరాడు. వేసవిలో అదే కౌంటీ ఆ గుట్టలని తవ్వి, పిండిచేసి, రోడ్లకి కంకర పోసేది. పగలంతా ఆయన గుట్టని మిల్లు నోట్లోకి తోసి, పని దిగాక సుత్తి పుచ్చుకుని మిగిలిన గుట్ట ఎక్కేవాడు. నీ చేత్తోనే పిండిచేసి నీ చేత్తోనే వెతుక్కుంటావా అని రూడీ స్టిమాక్ వెక్కిరించేవాడు. రూడీ ఆయనతోపాటు గని దిగిన స్నేహితుడు, ఇప్పుడు క్లబ్బుకి పెద్ద.

ఆదివారాలు ముగ్గురూ గుట్టల మీదికి వెళ్ళేవాళ్ళు, విల్హో, ఎల్మా, కూతురు మార్లీన్. ఎల్మా మాంసం, ఉల్లిపాయలు కూరిన పాస్టీలు చేసి తువ్వాలులో చుట్టి తెచ్చేది. మార్లీన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు అలాంటి గుట్ట మీదే ఒక రాయి దొరికింది. కోడిగుడ్డంత కాల్సైట్ స్ఫటికం, తెల్లరాయి జాతిదే. ఒక పక్క మట్టి కరుచుకుని గరుగ్గా ఉంది. రెండో పక్క తేనె రంగు. దీపానికి అడ్డంపెట్టి చూస్తే లోపల రాగి, మొక్క మొలిచినట్టు తీగలు తీగలుగా నిలబడి ఉంది. ఒక్క కొస మాత్రం బయటికి పొడుచుకువచ్చి, లేసు అల్లే సూదిలాగా కొంచెం వంగి ఉండేది. ఆ చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనూ అలాంటిది లేదు. డెట్రాయిట్ నుంచి వచ్చిన ఒకాయన దానిముందు కూర్చుని కాఫీ చల్లార్చుకున్నాడు. విల్హో ఆయనకి వేరేది ఏదో ఇచ్చి పంపాడు. ఇంట్లో ఇవ్వని రాయి అదొక్కటే.

మార్లీన్ పెద్దదయింది, నర్సయింది, గ్రీన్ బేలో ఉద్యోగం చేసింది. జబ్బు చేసి, నాలుగేళ్ళ క్రితం మార్చిలో పోయింది. మార్చిలో అక్కడ నేల ఇనుములా ఉంటుంది. మే దాకా మట్టి చేయలేదు. ఆ రెండు నెలలూ ఎల్మా ఆ రాయిని వంటింటి షెల్ఫ్ మీద, సింకుకి పైన పెట్టుకుని గిన్నెలు కడిగింది. తర్వాత కూడా అది అక్కడే ఉండిపోయింది. తడి తగలనిచ్చేది కాదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపేది.

విల్హో కళ్ళు చెడడం మొదలై ఏడాది దాటింది. పట్నంలో కళ్ళ డాక్టరు చెప్పినదాని ప్రకారం చూపు అంచుల్లో ఉంటుంది, నడుమ ఉండదు. చూడాలనుకున్నదే కనిపించదు, దాని చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి. విల్హో విని, తలూపి, కారులో ఎక్కాక, డాక్టరు కుర్రాడని అన్నాడు. బండి ఎల్మా తోలడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే ఆయన నడుంనొప్పి అనేవాడు. ఊరంతా ఆయన నడుముకి మందులు చెప్పింది. ఒకావిడ ఎలుగుబంటి కొవ్వు సీసాడు తెచ్చి ఇచ్చింది. ఎల్మా నోరు మూసుకుని ఆ కొవ్వు ఆయన వీపుకి రుద్దింది.

రాళ్ళ పని మాత్రం మానలేదు. లోహాన్ని పసిగట్టే డిటెక్టరు చెవులకి తగిలించుకుని గుట్టల మీద తిరిగేవాడు, చప్పుడుకి తవ్వేవాడు. రాళ్ళని వేళ్ళతో చూసేవాడు. రాగికి అంటుకున్న తెల్లరాయి పోవడానికి షెడ్డులో యాసిడ్ నీళ్ళ బకెట్ పెట్టుకుంటాడు. తెల్లరాయి కరిగి రాగి మిగులుతుంది. ఆ తర్వాత సోడా నీళ్ళలో కడిగే పని ఎప్పుడూ ఎల్మాదే, రబ్బరు తొడుగులేసుకుని. కొత్తగా చెడిపోయినవి చీటీలు. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కించి రాసేవాడు. ఏ చీటీ ఏ రాయి పక్కన పెట్టాడో ఆయనకే తెలీదు. ఎల్మా ఆయన పడుకున్నాక కాదు, ఎదురుగా కూర్చునే సర్దబోయేది. చెయ్యి తీయమనేవాడు.

కిందటి శరత్కాలంలో ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. లేచేముందు విల్హో షెల్ఫ్ దగ్గరికి వెళ్ళి తడిమి, ఒక రాయి ఆవిడ చేతిలో పెట్టాడు. మామూలు పచ్చరాయి అనుకున్నాడు. అది గులాబి రంగు డాటొలైట్, సగానికి కోసి నునుపు పెట్టింది. ఇరవై ఏళ్ళ క్రితం విల్హో నాన్న పోయినప్పుడు ఆయన పెట్టెలో దొరికింది. విల్హో వచ్చి కూర్చోగానే ఎల్మా బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన కాలు పక్కకి తీసుకున్నాడు. ఆవిడ ఎంతో మురిసిపోయి ఎల్మాని కావలించుకుని మరీ వెళ్ళింది. వాళ్ళ కారు మలుపు తిరగనిచ్చి ఎల్మా అడిగింది.

"ఏం ఇచ్చావో తెలుసా నీకు?"

"పచ్చరాయి."

"మీ నాన్న డాటొలైట్."

"తెలిసే ఇచ్చాను," అన్నాడు విల్హో.

"కనబడట్లేదని ఒప్పుకుంటే ఏం పోతుంది నీకు?"

"నాకు బాగానే కనబడుతోంది. నువ్వు కనబడుతున్నావు. మొహం ముడుచుకుని ఉన్నావు."

"నా మొహం కనిపించే అన్నావా ఆ మాట?"

"దానికి కనిపించాలా. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే కదా."

ఆమెకి నవ్వు రాలేదు. ఆ రోజునుంచి షెల్ఫ్ మీద మార్లీన్ రాయి ఉందో లేదో రోజుకి నాలుగుసార్లు చూసుకునేది. అది డాటొలైట్‌కి జానెడు దూరంలోనే ఉంది. ఆ చెయ్యి ఇంకో జానెడు పక్కకి పోయి ఉంటే ఆ ఒహాయో ఆవిడో ఇండియానా ఆవిడో దాన్ని సంచిలో వేసుకునిపోయేది. రేపు ఇంకొకరు వస్తారు. ఇంట్లో ఉన్నంతసేపూ కాపలా కాయగలదు, చర్చికి పోవద్దా, కొట్టుకి పోవద్దా. ఇవ్వొద్దని చెప్తే, ఇవ్వనని తెలీదా అంటాడు. మూడునాలుగు సార్లు అన్నాడు కూడా.

అందుకని ఎల్మా దాన్ని దాచింది. ఆవిరిస్నానం చేసే సౌనా ముందుగదిలో బెంచీ కింద కడగని రాళ్ళ పెట్టెలు ఉంటాయి. మట్టి పోకుండా ఒక రాయి ఎవరికైనా ఇవ్వడం విల్హోకి పరువు తక్కువ. ఆ పెట్టెల్లో రాయి ఈ జన్మకి ఎవరి చేతికీ పోదు. పైగా ఆ వెనక పెట్టె వచ్చే ఏడాది శీతాకాలానికని ఆయనే పక్కన పెట్టాడు. ఎల్మా మార్లీన్ రాయిని తీసుకెళ్ళి, గరుకు పక్క పైకి వచ్చేలా, ఆ పెట్టెలో మధ్యలో పెట్టింది. షెల్ఫ్ మీద దాని చోట్లో ఇంచుమించు అంతే ఉండే ఒక మామూలు తెల్లరాయి పెట్టింది. విల్హో రోజూ దానిముందు నిలబడి కాఫీ తాగాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోయినకొద్దీ ఎల్మాకి ఒళ్ళు మండేది. చూశావా, కనబడట్లేదు, అని అరవాలనిపించేది. అరిస్తే తను దాచిన సంగతి బయటపడుతుంది.

జులైలో క్లబ్బు పెద్ద కూడిక. బుల్డోజరు తెచ్చి ఒక పాత గుట్టని తిరగేస్తారు, అందరూ ఎగబడి ఏరుకుంటారు. మధ్యాహ్నం హాల్లో పిల్లల బల్ల. దానికి రాళ్ళు ఎప్పుడూ విల్హోవే. వీధిలో వాళ్ళంతా చలికాలమంతా గుడ్ల అట్టపెట్టెలు దాచి ఎల్మాకి ఇస్తారు. ఒక్కో పెట్టెలో పన్నెండు గుంటలకి పన్నెండు రకాల రాళ్ళు. ప్రతి పిల్లకీ ఒక పెట్టె. సాయంత్రం పెద్దవాళ్ళకి పేర్ల చీట్లు తీస్తారు. అక్కడ ప్రతివాడూ తన దగ్గరున్న మంచి రాయి ఒకటి పెట్టాలి. పేరు వచ్చినవాడు తనకి నచ్చింది తీసుకుపోతాడు.

ఈసారి ఏ స్కూలు వాళ్ళో బస్సు నిండా పిల్లల్ని తెస్తున్నారని, రెట్టింపు రాళ్ళు కావాలని రూడీ ఫోన్ చేశాడు. అప్పుడే ఎల్మా చర్చి నేలమాళిగలో పాస్టీల పనిలో ఉంది. చర్చి పైకప్పు కోసం అమ్మేవి. రెండు రోజులు పొద్దున వెళ్ళి, పొద్దుగూకి, ఉల్లిపాయల వాసన కొట్టుకుంటూ ఇంటికొచ్చింది. విల్హో షెడ్డులో పని ఎక్కువైందని తనే సూపు వేడిచేసుకుని తాగాడు. ఎల్మా అలిసిపోయి, ఏ పెట్టె తీశావని అడగలేదు.

మూడోరోజు పొద్దున ఆమె ఏలకులు వేసిన నిసు రొట్టెకి పిండి పిసుకుతుంటే విల్హో వంటింట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. చేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి. సోడా నీళ్ళలో తనే కడిగాడట.

"ఎల్మా, ఇటు చూడు. ఇలాంటి రాగి నా చేతికి ఎప్పుడూ తగల్లేదు. తీగలు చూడు, మొక్కే."

అరచేతిలో ఉన్నదాన్ని ఎల్మా చూసింది. రాగి మొక్క. తడిగా, కొత్త పైసాలాగా ఎర్రగా మెరుస్తోంది. పొడుగాటి కొమ్మ ఒకటి చివర లేసు సూదిలాగా వంగి ఉంది.

ఆమె చేతులు పిండిలోనే ఉండిపోయాయి. దీని చుట్టూ ఏముంది అని అడిగింది.

"ఏముంటుంది, తెల్లరాయి. మొండిది. రెండు రోజులు పట్టింది కరగడానికి. యాసిడ్ ఇంకోసారి పోయాల్సి వచ్చింది."

ఎల్మా పిండిచేతులతోనే షెడ్డుకి వెళ్ళింది. బకెట్లో పచ్చటి నీళ్ళు, అడుగున మట్టి. ఇంకేమీ లేదు. ఆమె ఆ మట్టిని కర్రతో కెలికింది. ఏం దొరుకుతుందనుకుందో ఆమెకే తెలీదు. తిరిగొచ్చేసరికి విల్హో ఫోన్‌లో ఉన్నాడు. ఈసారి పెద్దవాళ్ళ చీట్లకి తను పెట్టే రాయి చూస్తే అందరికీ నిద్ర పట్టదని చెప్తున్నాడు. అవతల రూడీ కేకలు గుమ్మం దాకా వినబడ్డాయి. శుక్రవారం ట్రక్కు తెచ్చి అన్నీ తీసుకెళ్తానని రూడీ అన్నాడు. మాట ఇవ్వడం అయిపోయింది. విల్హో ఫోన్ పెట్టేశాడు.

"అది మార్లీన్ రాయి," అంది ఎల్మా.

"మార్లీన్ రాయి షెల్ఫ్ మీద ఉంది."

ఎల్మా షెల్ఫ్ మీది రాయి తీసి ఆయన రెండో చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో దాని అంచు వెంట పోయాడు. ఆ కొస నుంచి ఈ కొసకి, మళ్ళీ వెనక్కి.

"ఇది కాదు," అన్నాడు.

"కాదు."

"అది వెనక పెట్టెలోకి ఎలా వచ్చింది?"

"నేనే పెట్టాను. నువ్వు ఎవరికో ఇచ్చేస్తావని."

విల్హో కుర్చీ కోసం తడిమి కూర్చున్నాడు. రెండు రాళ్ళూ బల్ల మీద పెట్టాడు. "నా కంట పడకుండా దాచావన్నమాట," అన్నాడు.

"నీ కంట ఏది పడుతోంది గనక."

అలా అన్నందుకు ఆమెకి ఆ క్షణంలో బాధ కలగలేదు. ఇంకా అనాలని ఉంది. కరిగించే ముందు ఒక్కసారి ఎవరికైనా చూపించి ఉంటే. దీపం ముందు పెట్టి ఉంటే. పక్కింటి వాళ్ళని పిలిచినా సరిపోయేది. కానీ ఏ మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి తను సౌనా గదిలో వంగి ఆ రాయిని మట్టిరాళ్ళ మధ్య పెట్టిన చోటికే వచ్చి ఆగుతోంది. షెల్ఫ్ మీదే ఉంచి ఉంటే ఆయన దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదేమో. ఇచ్చినా, ఎవరింట్లోనో దీపం ముందు అది ఉండేది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె రొట్టెపిండిని బల్లకేసి బాదింది. ఆ రోజు నిసు గట్టిగా వచ్చింది.

ఆమెకి కావలసింది ఇప్పుడు ఒక్కటే. మిగిలిన ఆ రాగి అయినా ఇంట్లో ఉండాలి. సాయంత్రం భోజనం దగ్గర అడిగింది, రూడీకి ఫోన్ చేసి ఇవ్వనని చెప్పమని.

"మాట ఇచ్చాను."

"ఎందుకివ్వవో కూడా చెప్పు. రూడీ ఏమనుకోడు."

"ఏమని చెప్పమంటావు? లోపల రాగి ఉన్న కాల్సైట్‌ని యాసిడ్‌లో పారేశానని చెప్పనా? నా కూతురి రాయిని?"

ఆ తప్పు క్లబ్బులో చిన్నపిల్లలు కూడా చేయరు. ఎప్పుడో మిల్వాకీ నుంచి వచ్చిన ఒకతను, కొత్తవాడు, అచ్చం ఇలాగే స్ఫటికాన్ని కరిగించి రాగిని తెచ్చి గర్వంగా చూపించాడు. హాలంతా నవ్వింది. విల్హో అందరికంటే గట్టిగా నవ్వి, అతన్ని చాలా ఏళ్ళపాటు బకెట్టని పిలిచాడు. చివరికి అతను క్లబ్బుకి రావడమే మానేశాడు.

"కళ్ళు కనబడవని చెప్పు. అంతే చాలు. ఇంకేం చెప్పక్కర్లేదు," అంది ఎల్మా.

"కనబడతాయి," అని విల్హో చేపలోంచి ముల్లు కోసం వేళ్ళతో వెతుక్కున్నాడు.

తనే రూడీకి చెప్పేద్దామని ఎల్మా రెండుసార్లు ఫోన్ దగ్గరికి వెళ్ళింది. నంబరు సగం తిప్పి పెట్టేసింది. చెప్తే రాయి దక్కుతుంది. వచ్చే ఏడాది పిల్లల బల్ల ఇంకెవరికో పోతుంది. మంచి మాటలే చెప్తారు, విశ్రాంతి తీసుకోమంటారు, ముందువరసలో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో ఆయన కూర్చుని ఉండడం తలుచుకుంటే ఎల్మాకి ఫోన్ బరువెక్కిపోయేది. పెట్టేశాక మళ్ళీ కోపం. ఆయన పరువు కాపాడ్డానికి కూతురి రాయి పోవాలా? నోరు విప్పితే సరిపోయే పనికి ఇంత చేటా? బుధవారం సౌనాలో ఆయన వీపు తోముతూ, చర్మం ఎర్రబడేదాకా తోమింది. ఆయన వీపు ఇంకా వంచి ఇచ్చాడు.

గురువారం గుడ్ల పెట్టెలు నింపారు. ఆయన రాళ్ళు అందించాడు. ఎల్మా గుంటల్లో సర్దింది. చీటీలు ఆమే రాసింది. ఈసారి చెయ్యి తీయమనలేదు. అది తప్ప ఏమీ మారలేదు.

శుక్రవారం రూడీ ట్రక్కు తెచ్చాడు. గుమ్మంలోనే బూట్లు విప్పి, వంటింట్లోకి వచ్చి, ఎప్పటిలాగే తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏరా విల్హో, నడుం ఎలా ఉంది? ఆ ఎలుగుబంటి కొవ్వు పనిచేసిందా, లేకపోతే రొట్టె మీద రాసుకుని తిన్నావా?"

"నీకు ఉంచాం. ఎల్మా నిసు మీద రాసి పెడుతుంది."

"ఈ నిసుకి అది రాస్తే గానీ దిగదులే," అన్నాడు రూడీ ముక్కని కాఫీలో ముంచుతూ. ఎల్మా వెనక్కి తిరగలేదు. సింకు దగ్గర ఉన్న గిన్నెనే కడుగుతోంది.

అట్టపెట్టెలన్నీ ట్రక్కులోకి చేర్చాడు. చివరికి బల్ల మీద గుడ్డలో ఉన్న రాగిని తీసి చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నీకెక్కడ దొరికిందిరా?"

విల్హో కాఫీ కప్పు తిప్పుతున్నాడు. రూడీ గుడ్డ దులిపి చూశాడు. "చీటీ ఏదీ?"

"చీటీ లేదు."

"నేను రాస్తాలే, చెప్పు. ఏ గుట్ట?" రూడీ జేబులోంచి పెన్ను తీశాడు.

ఎల్మా పంపు కట్టేసింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. ఉన్నది రూడీ. చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. మార్లీన్ శవపెట్టెకి ఒక పక్క భుజం పట్టినవాడు.

"తెలీదు," అన్నాడు విల్హో.

రూడీ నవ్వాడు. "నీకు తెలీదా? పిల్లలకిచ్చే చిల్లర రాళ్ళకి కూడా గుట్టకి ఏ మూలో, ఏ నెలో రాస్తావు. చెప్పరా, పొద్దుపోతోంది."

"తెలీదన్నాను కదా. పాత పెట్టెలో ఉంది. ఎక్కడిదో గుర్తు లేదు."

ఎల్మా చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆయన ఆ మాట తన ముందు అన్నాడు. ఏ రాయి గురించీ ఒక్కసారి కూడా అనని మాట, ఆ రాయి గురించి అన్నాడు. ఆ గుట్ట పేరు ఆమె నాలుక చివర ఉంది. చెప్తే రూడీ రాసుకుంటాడు, రాయి చీట్లకి పోతుంది. చెప్పకపోతే మార్లీన్ ఎప్పుడూ అక్కడ వంగి దాన్ని తీయనట్టే. ఎల్మా చెప్పలేదు.

"చోటు తెలీకపోతే బల్ల మీద పెట్టలేం," అన్నాడు రూడీ మెల్లిగా. "ఆ నియమం నువ్వే పెట్టించావు."

"అయితే వద్దు. ఇంకో రాయి తీసుకో. ఆ పచ్చటిది. దానికి చీటీ ఉంది."

రూడీ రాగిని గుడ్డలో పెట్టేశాడు. పెన్ను మూత పెట్టి, విల్హో మొహంలోకి చూశాడు. విల్హో తన వైపే తిరిగి ఉన్నాడు గానీ, చూపు రూడీ చెవి పక్కనుంచి గోడమీదికి పోతోంది. రూడీ కుర్చీలో కొంచెం ఎడమకి జరిగాడు. విల్హో చూపు జరగలేదు.

వెళ్ళేటప్పుడు ఎల్మా గుమ్మం దాకా వెళ్ళింది. బూట్లు తొడుక్కుంటూ రూడీ అడిగాడు, ఎన్నాళ్ళయిందని.

"దేనికి?"

"ఎల్మా."

"ఆయన్నే అడుగు," అంది ఆమె.

రూడీ అడగలేదు. రేపు పొద్దున తనే వచ్చి ఇద్దర్నీ హాలుకి తీసుకెళ్తానని, అక్కడ బండి పెట్టుకోడానికి చోటు ఉండదని మాత్రం అన్నాడు. లోపలికి వినబడేలా, నడుం జాగ్రత్తరా అని కేకేసి వెళ్ళిపోయాడు. అతనూ ఆ అబద్ధానికి తోడయ్యాడు. ఇక ఊళ్ళో దాన్ని మోసేవాళ్ళు ముగ్గురు.

ఎల్మా తిరిగొచ్చి రాగిని గుడ్డలోంచి తీసింది. దక్కింది కదా అనుకోబోయింది. ఆ మాట లోపలికి దిగలేదు.

విల్హో గోడవైపే తిరిగి, "కర్లూ గని," అన్నాడు. "రెండో బావి కింది గుట్ట. చెరువు వైపు. వానకి పైనుంచి జారిన చోట, రైలు పట్టా ముక్క పొడుచుకుని ఉంటుందే, దానికి కాస్త పైన. జూన్ నెల. మార్లీన్ జడ ఊడిపోయి ఉంది, నువ్వు మళ్ళీ వేశావు."

"నాకెందుకు చెప్తావు? నేను అక్కడే ఉన్నాను. చెప్పాల్సినవాడు ఇప్పుడే కాఫీ తాగి వెళ్ళాడు."

ఆయన చెయ్యి చాపి, ఇటివ్వు అన్నాడు.

"ఎవరికిస్తావు?"

"ఎవరికీ ఇవ్వను. ఇటివ్వు."

ఎల్మా రాగిని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన ఒక్కో తీగనీ వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆమె సింకు దగ్గరికి వెళ్ళలేదు. ఆయన తిరిగి ఇచ్చేదాకా అక్కడే, ఆయన మోచేతి పక్కనే నిలబడింది.